డ్రిల్లు మాస్టారు రహీం గారు

హైదరాబాదులో 1909లో జన్మించిన కీ.శే. సయ్యద్ అబ్దుల్ రహీం గారు వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, చాదర్‌ఘాట్ హైస్కూలులో ఆటల బాధ్యత చూశారు. వారి శిక్షణలో హైదరాబాదు పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది.

అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం, ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవన్నాడు. అద్దె సైకిలుకని రోజుకో రూపాయి ఇచ్చి రప్పించుకున్నారు. ఆ రోజుల్లో రూపాయంటే ఎంతో మన సభ్యులకు చెప్పనక్కరలేదు! ఆ బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడాడు. మన జట్టుది నాలుగో స్థానం.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం గారిని క్యాన్సరు పట్టుకుంది. అయినా జట్టుతో వెళ్లారు. తలకు కుట్లు పడిన డిఫెండరు జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో దింపారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిస్తే, అందులో ఒక గోలు అతనిదే. 1963 జూన్ 11న రహీం గారు కన్నుమూశారు. 2023 క్రీడల వరకు చూసినా ఆ స్వర్ణం మళ్లీ మనకు రాలేదు.