బోదవ్యాధికి మందు సాధించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు

పెన్నానది సాగరమును చేరు పల్లపు నేలలలోను, బకింగ్‌హాం కాలువ వెంటనున్న పల్లెలలోను బోదకాలు క్రొత్త మాట కాదు. ఆ వ్యాధి మనుష్యుని ఒక్కసారి చంపదు, జీవితమంతయు కుంగదీయును. మొదట చలిజ్వరము వచ్చి గజ్జలలో బిళ్ళ కట్టును. అది రెండు దినములలో తగ్గును, కొన్ని నెలలకు మరల వచ్చును. ఏండ్లు గడచిన పిమ్మట కాలు వాచి, చర్మము మొద్దుబారి, పుండ్లు పడును. పురుషులలో కొందరికి వరిబీజము దిగును. అట్టి రైతు మడిలో దిగి నాటు వేయలేడు. జాలరి వల లాగలేడు. కన్యకు పెండ్లి కుదరదు. సిగ్గుచే రోగి ఇల్లు వెడలడు. ఇట్టి వ్యాధికి నమ్మదగిన మందును సాధించిన పరిశోధకులకు నాయకుడు తెలుగువాడగుట ఎల్లరు తెలిసికొనదగిన విషయము.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. కుటుంబము పేదది. బాల్యమున చదువు సాగలేదు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవ పర్యాయము మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులైరి. పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించిరి. అవి జాతీయోద్యమపు దినములు. శస్త్రచికిత్సాలయమున సైతము ఖద్దరు ధరించినందున ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహమునకు గురియైరి. తత్ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టము రాక, ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను.

స్ప్రూ అను దీర్ఘాతిసారము తోబుట్టువును బలిగొనుట ఆయన కన్నులయెదుట జరిగినది. దానికి అప్పుడు మందు తెలియదు. ఉష్ణదేశ వ్యాధులను మూలముట్ట తెలిసికొనవలెనను సంకల్పము ఆయనలో స్థిరపడెను. కొంతకాలము మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించి, మామగారును, కాకినాడలోని ఒక ధర్మసంస్థయు చేసిన సాయముతో 1923లో అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వైద్యమును అభ్యసించిరి. పొట్టకూటికై రాత్రులు ఆసుపత్రిలో ఊడిగము చేసిరి. ఫిస్క్ అను ఆచార్యునితో కలసి 1925లో రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టిరి. కండరములకు శక్తినిచ్చు పదార్థములపై వీరిరువురు చేసిన కృషి జీవరసాయన శాస్త్రమున నిలిచిపోయినది. అయినను హార్వర్డులో తగిన స్థానము దొరకలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరి, కొలది కాలమునకే పరిశోధన విభాగమునకు అధిపతియైరి. స్ప్రూకు పనిచేయు ఫోలిక్ ఆమ్లమును 1945లో అచ్చటి పరిశోధకులు కృత్రిమముగా తయారు చేసిరి.

బోదవ్యాధిని గుర్తించుట ఒక సుదీర్ఘ ప్రయత్నము. సుశ్రుతుడు దీనిని శ్లీపదమని పేర్కొని, నీరు నిలిచియుండు దేశములలో ఇది మెండని చెప్పెను. కారణము మాత్రము కంటికి కానరాలేదు. మనుష్యుని రక్తనాళములలో పురుగు నివసింపగలదని 1851లో ఈజిప్టున బిల్హార్జ్ అను జర్మను వైద్యుడు చూపెను; అది నత్తలున్న నీటి ద్వారా సోకు వేరొక వ్యాధి. 1872లో కలకత్తాలో లూయిస్ అను వైద్యుడు బోదవ్యాధి కలిగించు పిల్లపురుగులను నెత్తుటిలో చూచెను. ఆ పురుగులు దోమలో పెరుగునని 1877లో చైనాలో మాన్సన్ కనుగొనెను. తల్లిపురుగులు శోషరస నాళములలో చేరి వాటిని చెరచును. వాపునకు అదియే మూలము. పిల్లపురుగులు పగలు దాగి, రాత్రి 10 గంటలు మొదలు 2 గంటల వరకు మెండుగా రక్తములో తిరుగును. అందుచేతనే రాత్రివేళ వ్రేలు గుచ్చి నెత్తురు తీసి, సూక్ష్మదర్శినితో చూచు ఆచారము ఏర్పడెను. కాలు వాయక, నొప్పి లేక, తాను రోగినని ఎరుగక తిరుగువాని రక్తములో గూడ పురుగులుండవచ్చును. వానిని కుట్టిన దోమ పొరుగువానికి వ్యాధిని మోసికొనిపోవును.

రెండవ ప్రపంచ యుద్ధమున పసిఫిక్ దీవులలో వేలకొలది అమెరికా సైనికులకు ఈ పురుగు సోకెను. అంతకుముందు వాడిన మందులలో విషగుణము అధికము. సుబ్బారావుగారి నాయకత్వమున హెవిట్ మొదలగు పరిశోధకులు పెక్కు రసాయనములను పురుగు సోకిన ఎలుకలకును, కుక్కలకును ఇచ్చి పరీక్షించిరి. 1947లో డైఎథైల్ కార్బమజైన్ అను మందు వెలువడెను; దానిని హెట్రజాన్ అనిరి. మ్రింగిన కొలది కాలమునకే అది రక్తమందలి పిల్లపురుగులను తొలగించును. తల్లిపురుగులన్నియు దానికి లొంగవు. వాచి ముదిరిన కాలు మునుపటివలె కాజాలదు. కావున వాపు రాకమునుపే దాని ప్రయోజనము మిక్కిలి గొప్పది.

1948 ఆగస్టులో, ఏబదిమూడవ యేట, సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసిరి. స్వదేశమునకు తిరిగి రాలేదు. పేరు ప్రతిష్ఠలకు ఆశపడక, సహోద్యోగులను ముందు నిలిపి తాము వెనుక నిలుచుటచే బ్రతికియుండగా దేశమున ఆయన పేరు అనేకులకు తెలియలేదు. 1995లో భారత ప్రభుత్వము ఆయన స్మారకముగా తపాలాబిళ్ళ విడుదల చేసెను.

భారతదేశమున 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమము ప్రారంభమాయెను. 2004 నుండి వ్యాధిగల జిల్లాలలో ఈ మాత్రలను ఏటేట ఇంటింట పంచు పద్ధతి ప్రవేశపెట్టబడెను. తల్లిపురుగు ఐదారేండ్లు జీవించును గనుక ఒక యేడు మ్రింగి మానిన చాలదు. రెండేండ్లలోపు శిశువులు, గర్భిణులు, తీవ్రరోగులు తప్ప ఆరోగ్యవంతులందరును మ్రింగవలెను. తనకు రోగము లేదని మాత్రను చూరున చెక్కినవాడు తన ఇంటిని, పొరుగింటిని దోమకు అప్పగించినవాడగును. రెండుసార్లు పరీక్ష తప్పిన భీమవరపు బాలుడు సముద్రములు దాటి సాధించిన ఫలము ఆ చిన్న మాత్రలో ఉన్నది. గ్రంథాలయమున ఆయన చరిత్ర చదివిన బాలుడు ఇంటికేగి పెద్దలచే ఆ మాత్రను మ్రింగింపగలిగిన, ఆయన శ్రమ ఆ ఇంట సఫలమగును.