వెనుకపంక్తికి విలువ నేర్పిన గురువు

గనిలో పైకప్పునకు ఊతకఱ్ఱలు నిలుపు టింబర్‌మన్‌ను పైనున్న లోకము ఎఱుగదు. బొగ్గు ఎన్ని టన్నులు వెలువడినదో లెక్క వ్రాయబడును గాని, కప్పు కూలకుండ కాచిన దినములకు లెక్క లేదు. ఫుట్‌బాల్ క్రీడయందు వెనుకపంక్తిలో నిలుచు డిఫెండర్ స్థితియు ఇట్టిదే. గోలు కొట్టినవానిని జనులు భుజములమీద ఎత్తుకొందురు. గోలు పడకుండ ఆపినవాడు దుమ్ము దులుపుకొని ఇంటికి పోవును. జనులు అతనిని తలచుకొనునది తఱచుగా అతడు తప్పు చేసిన నాడే. అట్టి స్థానమున నిలువవలసిన యువకుడు తన వృత్తిని, తన జట్టును, తన అభ్యాసమును ఏ దృష్టితో చూడవలెను? ఈ ప్రశ్నకు సమాధానము కొఱకు రామగుండము, గోదావరిఖని ప్రాంతముల పాఠకులు దూరదేశములు వెదకనక్కఱలేదు. హైదరాబాదు ఉపాధ్యాయుడొకరు తమ జీవితముచే దానికి సమాధానము చెప్పిరి. వారే సయ్యద్ అబ్దుల్ రహీంగారు.

రహీంగారు 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి పట్టభద్రులై, నగరమందలి పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేసిరి. ఆటగాడుగా గడించిన పేరుకంటె, ఆట నేర్పువానిగా గడించిన పేరే వారికి శాశ్వతమైనది. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శులైరి. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ సంవత్సరము మొదలు వరుసగా ఐదు పర్యాయములు ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకొనెను. ఆనాటి ఆటగానికి జీవనోపాధి కలిగించినది ఆట కాదు; పోలీసు, రైల్వే, సైన్యము వంటి కొలువులు. కావున ఆటను వృత్తిగా భావించుట యనగా ధనాశ గాక, పనియందు శ్రద్ధ యనియే అర్థము చేసికొనవలసి యుండెను. ఈ అర్థమును హైదరాబాదు యువకుల హృదయములలో నాటినవారు రహీంగారు.

వారి శిక్షణపద్ధతి బడిపంతులు పద్ధతియే. విద్యార్థికి రాని పాఠమేదో ముందు కనుగొని, దానినే మఱల మఱల వ్రాయించునట్లు, ఆటగానికి ఏది లోపమో దానినే ఆడించిరి. కుడికాలితో మాత్రమే తన్నగలవాని కొఱకు ఎడమకాలితోనే ఆడవలసిన పోటీలు ఏర్పఱచిరి. బంతిని తనయొద్దనే ఉంచుకొని ఒంటరిగా పరుగులెత్తువాని కొఱకు, బంతి అందిన వెంటనే తోడివానికి అందింపవలసిన పోటీలు ఏర్పఱచిరి. వీనివలన వెనుకపంక్తివానికి కలిగిన మేలు మిక్కిలి గొప్పది. ఒక కాలితోనే ఆడు రక్షకుని ఏ వైపునుండి దాటవచ్చునో ప్రత్యర్థికి తెలిసిపోవును. బంతిని గాలిలోనికి గ్రుడ్డిగా తన్నివేయువాడు అపాయమును తప్పించుకొన్నట్లు కనబడును గాని, ఆ బంతి మఱల ప్రత్యర్థికే చేరి, అపాయము మరుక్షణమే తిరిగివచ్చును. నేలమీద, సమీపమున ఉన్న తోడివానికి బంతి నందించినవాడే నిజమైన రక్షకుడు. ఆత్మసంస్కారమనగా తనకు వచ్చినదానిని ప్రదర్శించుట గాదు, రానిదానిని సాధించుట యని ఈ పద్ధతి బోధించుచున్నది.

భారత జట్టునకు శిక్షకులై, 1951లో ఢిల్లీయందు జరిగిన మొదటి ఆసియా క్రీడలలో వారు స్వర్ణపతకము సాధించిరి. ఆ జట్టునకు నాయకుడైన శైలేన్ మన్నా వెనుకపంక్తి ఆటగాడే యగుట గమనింపదగినది. అయితే మరుసటి సంవత్సరమే హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10–1 గోలులతో ఘోరపరాజయము సంభవించెను. మనవారిలో పలువురు ఆనాడు వట్టికాళ్లతోనే ఆడిరి. అటుపిమ్మట బూట్లు తప్పనిసరి యయ్యెను. వట్టికాళ్లతో ఆడుట మన ఘనతయని చెప్పుకొనుచు కూర్చుండుట సులభమే. అది దేశాభిమానముగా కూడ తోచియుండును. కాని లోపమును లోపమని ఒప్పుకొని దిద్దుకొనుటయే నిజమైన దేశాభిమానమని మేము తలంచుచున్నాము. నాలుగేండ్లకు, 1956లో, మెల్బోర్న్ ఒలింపిక్సున రహీంగారి శిష్యులు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనలు చేరిరి. ఆసియాఖండమునుండి ఆ దశకు చేరిన మొదటి జట్టు మనదే. తుదకు నాలుగవ స్థానము లభించెను. ఆ జట్టులో హైదరాబాదు యువకులు పలువురుండిరి; వెనుకపంక్తిలో ఆడిన అజీజుద్దీన్ వారిలో నొకడు.

రహీంగారి బోధనకు కడపటి పరీక్ష 1962లో జకార్తా ఆసియా క్రీడలలో జరిగెను. తైవాను, ఇజ్రాయెలు దేశములను రానీయకపోవుటకు భారత ప్రతినిధి జి. డి. సోంధీ అభ్యంతరము తెలుపుటచే, అచ్చటి ప్రేక్షకులు మనవారిపై ఆగ్రహావేశములతో నుండిరి. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా 2–0తో మన జట్టును ఓడించెను. థాయిలాండుతో ఆడునపుడు వెనుకపంక్తికి మూలస్తంభమైన జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడెను. బంతిని తలతో తన్నుటయే పనిగా గల రక్షకునికి అట్టి గాయము తగిలినచో, అతనిని కూర్చుండబెట్టుటయే లోకరీతి. కాని రహీంగారు సెమీఫైనలున అతనిని ముందుపంక్తిలో నిలిపిరి. వెనుక ఆడి పేరుపొందినవాడు ముందు ఆడి నవ్వులపాలగుదునేమో యని జంకలేదు. దక్షిణ వియత్నాముపై గోలు కొట్టెను. సెప్టెంబరు 4వ తేదీ ఫైనలులో మఱల గోలు కొట్టెను. మఱియొక గోలు పి. కె. బెనర్జీది. తొలుత మనలను ఓడించిన దక్షిణ కొరియాయే 2–1తో ఓడిపోయెను. స్థానము జట్టునకు చెందినదే గాని తనకు చెందినది కాదని నమ్మినవానికే ఇట్టి మార్పు సాధ్యము.

ఆ విజయము నాటికే రహీంగారి శరీరమును క్యాన్సరు వ్యాధి తినివేయుచుండెను. 1963 జూన్ 11వ తేదీన వారు పరమపదించిరి. వయస్సు ఏబదినాలుగేండ్లయినను నిండలేదు. అటుతరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణము మనదేశమునకు మఱల రాలేదు. 1970లో బాంకాక్‌లో లభించిన కాంస్యమునకు నాయకత్వము వహించినవాడు కూడ హైదరాబాదు డిఫెండరే — సయ్యద్ నయీముద్దీన్. గురువు నాటిన విత్తనము అప్పటికింకను ఫలించుచుండెను.

ఇచ్చట ఒక శంకకు సమాధానము చెప్పవలసియున్నది. పేరు కోరక వెనుక నిలువుమని యువకులకు బోధించుట, వారి శ్రమను చౌకగా కొనదలచినవారికి మాత్రమే ఉపకరింపదా? అట్లు వాడుకొనువారు లేకపోలేదు. గనిపనివారికి ఇది చెప్పనక్కఱలేని సంగతి. కాని రహీంగారు శిష్యులకు త్యాగమును మాత్రమే నేర్పలేదు. పేదయింటి బాలుడైన తులసీదాసు బలరాముని ఆటను గుర్తించి, అతడు దూరమునుండి వచ్చి అభ్యసించుటకు సైకిలు అద్దెకు డబ్బిచ్చిరి. ఆ బాలుడే తరువాత మెల్బోర్నునకు, జకార్తాకు వెళ్లినవాడు. వెనుక నిలుచువానికి కీర్తి తక్కువైనను, అన్నము, వైద్యము, మర్యాద తక్కువ కాకూడదు. కర్తవ్యమును కోరువాడు పోషణభారమును కూడ వహింపవలెను.

ఇప్పుడు మన బొగ్గుసీమ సంగతి చూతము. 1889లో ఇల్లెందు ప్రాంతమున త్రవ్వకము మొదలై, 1920లో సింగరేణి కాలరీస్ అను పేరు వహించిన సంస్థ నేడు రాష్ట్రప్రభుత్వము 51, కేంద్రప్రభుత్వము 49 పాళ్లు గలదై నడచుచున్నది. 1990 ప్రాంతమున లక్షకు మించియున్న కార్మికుల సంఖ్య, యంత్రములును ఓపెన్‌కాస్టులును పెరిగిన పిమ్మట, 40 వేల ప్రాంతమునకు తగ్గిపోయెను. తండ్రి దిగిన గనిలో కుమారులందఱు దిగుట ఇక జరుగదు. ఆ యువకులందఱును ఫుట్‌బాల్ ఆడి బ్రతుకుదురని మేము చెప్పుటలేదు. ఆటవలన పొట్ట పోసికొనువారు వేయింట ఒకడును ఉండడు. 2022లో దేశపు లీగు కిరీటమును గెలిచిన హైదరాబాదు క్లబ్బే 2025లో ఢిల్లీకి తరలిపోయెను. కాని రానిదానిని అభ్యసించుట, తోడివాని వెనుక నిలుచుట, అవసరమైనపుడు స్థానము మార్చుకొనుట — ఈ మూడును నేర్చినవాడు ఏ కొలువునకు పోయినను నిలదొక్కుకొనును.

మైదానములు మనకు లేకపోలేదు. గోదావరిఖనిలో జవహర్‌లాల్ నెహ్రూ పేరిట సింగరేణి మైదానమే కలదు. మైదానముకంటె అరుదైనది, సాయంకాలము బడి విడిచిన తరువాత గంటసేపు నిలిచి, ఎడమకాలితో తన్నుమని పిల్లవానికి చెప్పు ఉపాధ్యాయుడు. అట్టి ఉపాధ్యాయుని మన పట్టణములు గౌరవింపవలెను. అతని శిష్యులకు ఒక జత బూట్లును, ఒక గిన్నె పాలును సమకూర్చుట పట్టణమందలి వర్తకులకు భారము కాదు. పొలము గల గృహస్థులు ఊరిచెంత ఒక ఎకరము పిల్లల ఆటకై విడిచినచో, ఆ ఫలము ఏ పంటకును తీసిపోదు. రహీంగారు మొదలుపెట్టినది బడిలోనే, జీతముమీద బ్రతుకు పంతులుగానే. అంతకంటె గొప్ప సాధనసంపత్తి కొఱకు మనము ఎదురుచూడనక్కఱలేదు.