మూసారాంబాగ్ పేరు వెనుక ఉన్న మనిషి

నగరాల చరిత్ర శాసనాలలోను, కోటగోడల మీదను మాత్రమే కాక వీథుల పేర్లలో కూడ నిలిచి ఉంటుంది. ఈ విషయంలో మన హైదరాబాదు చాల సంపన్నమైనది. ఆరవ నిజాం కొలువులో ఉండిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియా జాతీయుని దుకాణం వలన ఆబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది. అంతకంటె విచిత్రమైన పేరు మరొకటి కలదు. మలక్‌పేట నుండి దిల్‌సుఖ్‌నగర్ పోయే దారిలో, మూసీ వంతెన దాటి అంబర్‌పేటకు పోయే రస్తా చీలే చోటు మూసారాంబాగ్. ఆ రస్తాకు, పేటకు, వంతెనకు, నేటి మెట్రో స్టేషనుకు కూడ అదే పేరు.

ఈ పేరును విన్నవారు తలా ఒక విధంగా అర్థం చెబుతారు. మూసా ప్రవక్త పేరు, శ్రీరామచంద్రుని పేరు కలిసిన తోట అని కొందరంటారు. మూసీ నది ఒడ్డున రాముని తోట అని మరికొందరంటారు. వినడానికి రెండూ ఇంపైన మాటలే. కాని నిజానికి ఇది ప్రవక్త పేరూ కాదు, దేవుని పేరూ కాదు, నది పేరు అంతకన్నా కాదు. ఫ్రాన్సు దేశం నుండి వచ్చి ఈ నేలలోనే కన్నుమూసిన ఒక సేనాని పేరు ఇది. ఆయన మిషెల్ జోయాకిం మరీ రేమండ్.

ఫ్రెంచివారు మర్యాదగా పిలిచేటప్పుడు పేరుకు ముందు మొస్యూ అనే మాట చేరుస్తారు. మనం శ్రీ అన్నట్లు, జనాబ్ అన్నట్లు అది ఒక గౌరవవాచకం. మన ప్రజల నోట ఆ మాట మూసా అయింది. అంతకు ముందే బుస్సీ దొరను మనవారు మూసా బుస్సీగా వ్యవహరించి ఉన్నారు. ఇక మిగిలిన రేమండ్ అనే పేరును ముసల్మానులు రహీం చేసుకొన్నారు, హిందువులు రాం చేసుకొన్నారు. ఆ విధంగా ఒకే మనిషి ఒకరికి మూసా రహీం, వేరొకరికి మూసా రాం అయినాడు. ఆయన పేర వెలసిన బాగ్ మూసారాంబాగ్ అయింది.

రేమండ్ 1755 సెప్టెంబరు 25న ఫ్రాన్సు నైఋతి భాగాన గాస్కనీ సీమలోని సెరిన్యాక్ గ్రామంలో ఒక వర్తకుని ఇంట జన్మించాడు. 1775లో వ్యాపారం నిమిత్తం పుదుచ్చేరి చేరాడు. కాని ఆ కాలంలో దక్షిణాపథంలో తక్కెడ కంటె కత్తికే గిరాకీ ఎక్కువ. మైసూరు, మహారాష్ట్ర, నిజాం రాజ్యాలు ఒకదానితో ఒకటి పోరాడుతున్నాయి. ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు ఆ పోరులలో చెరొక పక్షం వహించి తమ బలం పెంచుకొంటున్నారు. యువకుడైన రేమండ్ వర్తకం విడిచి మొదట మైసూరు కొలువులోని ఫ్రెంచి దళంలో చేరాడు. తరువాత వృద్ధుడైన బుస్సీకి అంగరక్షకాధికారిగా పనిచేశాడు. 1785లో బుస్సీ మరణించిన పిమ్మట నిజాం అలీ ఖాన్, అనగా రెండవ అసఫ్‌జా, కొలువులో ప్రవేశించాడు.

ఆయన ప్రారంభం చాల స్వల్పం. తొలుత ఉన్నది 300 మంది సిపాయిలు. వారి తుపాకులు కూడ సొంతం కావు. ఒక ఫ్రెంచి వర్తకుని వద్ద ఒక్కొక్క తుపాకికి నెలకు ఎనిమిది అణాల చొప్పున అద్దెకు తెచ్చినవి. అటువంటి దళం పది, పన్నెండేండ్లలో సుమారు 14,000 మంది గల సైన్యంగా పెరిగింది. యూరపు పద్ధతిలో కవాతు, క్రమం తప్పని శిక్షణ, మంచి ఫిరంగులు దాని బలం. ఆ ఫిరంగుల కోసం ఆయన హైదరాబాదులోనే కార్ఖానా నెలకొల్పాడు. ఫతేమైదాన్ సమీపాన తోప్ కా సాంచా అని ఉర్దూలోను, గన్‌ఫౌండ్రీ అని ఇంగ్లీషులోను పేరుగాంచిన ప్రదేశం అదే. ఈనాడు అక్కడ బస్సు దిగే వారిలో ఎందరికి ఆ పేరుకు అర్థం తెలుసునో మేము చెప్పలేము. ఈ విధంగా ఒకే మనిషి వలన మన నగరంలో రెండు చోట్లకు పేర్లు కలిగినవి.

1795 మార్చిలో ఖర్డా వద్ద మహారాష్ట్రులతో జరిగిన యుద్ధంలో నిజాం ఓడిపోయాడు. ఆ పరాజయంలో కూడ రేమండ్ దళం ధైర్యంగా పోరాడి పేరు నిలుపుకొన్నది. ఇంగ్లీషువారి పటాలాలు మాత్రం ఆ యుద్ధంలో పాల్గొనలేదు. అందుకు ఆగ్రహించిన నిజాం వాటిని పంపివేసి రేమండ్‌నే ఎక్కువగా ఆశ్రయించాడు. అదే సంవత్సరం నిజాం కుమారుడు అలీజా తండ్రిపై తిరుగుబాటు చేయగా దానిని అణచినవాడు కూడ రేమండే. ముతహవ్వరుల్ ముల్క్, అజ్దరె జంగ్ అనే బిరుదులు ఆయనకు లభించినవి. రాజ్యంలో మహాధైర్యశాలి అని మొదటిదానికి, యుద్ధంలో మహాసర్పం వంటివాడని రెండవదానికి అర్థం.

అయితే రేమండ్‌ను కేవలం స్తుతించి ఊరకుండుట చరిత్రకు న్యాయం కాదు. ఆయన జీతానికి యుద్ధం చేసిన సేనాని. ఉప్పు తిన్నది నిజాంది, కాని మనసులో ఫ్రాన్సును మరువలేదు. ఆయన దళం ఫ్రెంచి విప్లవపు మూడు రంగుల జెండాను ధరించేది. సిపాయిల బొత్తాముల మీద స్వాతంత్ర్య చిహ్నమైన టోపీ ముద్ర ఉండేది. హైదరాబాదు నడిబొడ్డున ఇటువంటి సైన్యం ఉండటం ఇంగ్లీషు కంపెనీకి కంటిలో నలుసు అయింది.

ఇట్టి స్థితిలో 1798 మార్చి 25న, నలుబది రెండేండ్ల ప్రాయంలో రేమండ్ మరణించాడు. విషప్రయోగం జరిగిందని లోకం అనుకొన్నది, కాని అది రుజువు కాలేదు. ఆయన స్థానం పిరాన్ అనే ఫ్రెంచి అధికారికి దక్కింది. అదే సంవత్సరం సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషువారితో సైన్య సహకార సంధి చేసుకొన్నాడు. అక్టోబరులో బాకీపడిన జీతాల కోసం సిపాయిలు తమ అధికారులనే నిర్బంధించారు. 22వ తేదీన కంపెనీ సేనలు చుట్టుముట్టగా ఆ మహాసైన్యం రక్తపాతం లేకుండానే ఆయుధాలు దించింది. పన్నెండేండ్లు శ్రమించి కట్టిన కోట, కట్టినవాడు పోయిన ఏడు మాసాలకే కూలిపోయింది. మరుసటి ఏడు శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ నేలకొరిగాడు. అటుపై దక్కనులో ఇంగ్లీషువారికి అడ్డు నిలువగల ఫ్రెంచి బలం లేకపోయింది.

సైన్యం పోయింది. ఫిరంగుల కార్ఖానా శిథిలమైంది. మరి మిగిలినది ఏమి? ఆస్మాన్‌గఢ్ ప్రాంతాన ఒక గుట్టమీద ఆయన సమాధి ఉన్నది. సుమారు 7 మీటర్ల ఎత్తు గల రాతిస్తంభం మీద ఆయన పేరులోని రెండు పొడి అక్షరాలు మాత్రమే చెక్కి ఉన్నవి. పక్కనున్న మంటపం 2001లో వానలకు కూలిపోగా తరువాత తిరిగి కట్టారు. పూర్వం ఏటేటా ఆయన వర్ధంతినాడు అన్ని మతాల వారు ఆ గుట్టకు చేరి ఉర్సు వలె జరుపుకొనేవారని, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆనాడు అక్కడికి చుట్టల పెట్టె, ఒక బీరు సీసా పంపేవాడని పెద్దలు చెబుతారు. క్రైస్తవుడైన పరదేశి సమాధికి ఉర్సు జరుగుట ఈ నగరానికే చెల్లింది.

రాతి మీద రెండక్షరాలు నిలిస్తే, ప్రజల నాలుక మీద పూర్తి పేరు నిలిచింది. అది కూడ తమ తమ ఇంటి పేరుగా మారి నిలిచింది. ఎవరి ఫర్మానా వలనను ఆయన రాం కాలేదు, ఎవరి ఆజ్ఞ వలనను రహీం కాలేదు. తమకు ఆప్తుడనిపించినవానిని ఎవరి నోటికి వచ్చిన పేరుతో వారు పిలుచుకొన్నారు. ఆ పేరు మాదంటే మాదని వాదులాడుకొనలేదు. నేడు ఒక పేరు ఎవరిదన్న ప్రశ్న మీద వీథులలోనే తగవులు పుడుతున్నవి. అట్టి సమయంలో ఇది మనం తలచుకొనదగిన విషయమని మా అభిప్రాయం.

ఉర్దూ, తెలుగు రెండింటినీ ఒకే ప్రాంగణంలో చదువుతున్న మన విద్యార్థినీ విద్యార్థులకు మా మనవి ఒక్కటే. మూసారాంబాగ్ మీదుగా పోయేటప్పుడు ఆ పేరును ఒక్కసారి నిదానంగా చదవండి. వీలైన ఒక ఆదివారం ఆ గుట్ట ఎక్కి ఆ సమాధిని చూడండి. మీ మీ పేటల పేర్లు ఎట్లు వచ్చినవో ఇంటి పెద్దలను అడిగి వ్రాసి ఉంచండి. అడుగవలసిన పెద్దలు ఉండగానే ఆ పని జరగాలి. వారు వెళ్ళిపోయిన తరువాత బోర్డు మీద అక్షరాలు ఉంటాయి గాని, వాటి అర్థం చెప్పేవారు ఉండరు.