ఆటకు రూల్స్ పెట్టిన టీచరమ్మ – సెండా బెరెన్‌సన్



మన గోడపత్రికలో నాయకుల గురించి, శాస్త్రవేత్తల గురించి చాలాసార్లు చదివాం. ఈసారి నేను ఒక ఆటల టీచర్ జీవితం రాస్తున్నాను. ఆమె పేరు సెండా బెరెన్‌సన్. ఆడవాళ్ల బాస్కెట్ బాల్‌కు తల్లి అని ఆమెకు పేరు. తోసేసినా గెలిస్తే చాలు, రిఫరీ విజిల్ వేస్తే కోపం అనుకునే వాళ్లందరూ ఈమె గురించి తెలుసుకోవాలని నా కోరిక.

సెండా 1868 మార్చి 19న లిథువేనియాలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. అప్పుడు ఆ దేశం రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. 1875లో వాళ్ల కుటుంబం అమెరికాలోని బోస్టన్ నగరానికి చేరింది. ఆమెది చిన్నప్పటి నుంచీ బలహీనమైన ఒళ్లు. పియానో నేర్చుకుంటూ ఒంట్లో బాగోక మధ్యలోనే మానేశారు. 1890లో వ్యాయామ టీచర్ల ట్రైనింగ్ స్కూల్లో చేరారు. మొదట్లో అక్కడ నిలబడి వ్యాయామం చెయ్యడమే కష్టంగా ఉండేది, ఇష్టం కూడా లేదు. కొన్ని నెలలకు ఒళ్లు గట్టిపడింది. అప్పటి నుంచి అదే ఆమె బతుకైంది.

1892 జనవరిలో నార్తాంప్టన్ అనే ఊళ్లో ఆడపిల్లలు చదివే స్మిత్ కాలేజీలో టీచర్‌గా చేరారు. ఆ రోజుల్లో ఆడపిల్లలు గట్టిగా పరుగెత్తితే ఆరోగ్యం చెడిపోతుందని చాలామంది డాక్టర్లు కూడా నమ్మేవారు. దానికి కొద్ది రోజుల ముందే, 1891 డిసెంబరులో, దగ్గర్లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే టీచర్ పీచ్ పండ్ల బుట్టలు కట్టి బాస్కెట్ బాల్ ఆట కనిపెట్టారు. దానికి 13 రూల్స్. తొయ్యడం, పట్టుకోవడం, కాలు అడ్డం పెట్టడం, కొట్టడం అన్నీ ఫౌళ్లే. అంపైర్ మనుషుల్ని చూడాలి, రిఫరీ బంతిని చూడాలి. ఒక జట్టు వరసగా మూడు ఫౌళ్లు చేస్తే ఎదుటి జట్టుకు ఒక గోల్ వచ్చేది. ఈ ఆట గురించి ఒక పత్రికలో చదివి, సెండా తన పిల్లలకు నేర్పించారు.

1893 మార్చి 22న మొదటి సంవత్సరం వాళ్లకూ రెండో సంవత్సరం వాళ్లకూ మ్యాచ్ పెట్టారు. చూడ్డానికి మగవాళ్లను రానివ్వలేదు. సెండాయే మధ్యలో నిలబడి బంతి పైకి విసిరారు. ఆ బంతి మొదటి సంవత్సరం జట్టు అమ్మాయి ఎత్తిన చేతికి తగిలి భుజం కీలు తప్పింది! ఆట అప్పుడే మొదలైంది. అయినా సెండా భయపడి ఆట ఆపలేదు. కీలు సరిచేసి, ఆ చోట ఇంకో అమ్మాయిని నిలబెట్టి, మ్యాచ్ నడిపించారు. నాకు ఇక్కడే ఆమె గొప్పతనం కనిపిస్తుంది. ఆడపిల్లలకు ఆట వద్దనే వాళ్లకు ఇలాంటి దెబ్బ ఒక్కటి చాలు కదా.

బంతి కోసం గుంజులాట, తోపులాట ఎక్కువైతే ఆటకే చెడ్డపేరు అని ఆమెకు తెలుసు. అందుకని రూల్స్ మార్చారు. కోర్టును మూడు భాగాలు చేసి, ఎవరి భాగంలో వాళ్లే ఆడాలన్నారు. ఎదుటివాళ్ల చేతిలోంచి బంతి గుంజుకోకూడదు. మూడు సెకన్ల కంటే ఎక్కువ బంతి పట్టుకోకూడదు. మూడుసార్ల కంటే ఎక్కువ నేలకు కొట్టకూడదు. దీనివల్ల ఒక్కరే ఆడటం పోయి బంతి అందరికీ అందింది. ఎలాగైనా గెలవాలన్న పట్టుదలే ఆటను పాడుచేస్తుందని ఆమె రాశారు. 1905 నుంచి 1917 వరకు ఆడవాళ్ల బాస్కెట్ బాల్ రూల్స్ కమిటీకి అధ్యక్షురాలిగా ఉన్నారు.

అయితే ఈ రూల్స్ వల్ల కొంత నష్టం కూడా జరిగిందని నా అభిప్రాయం. కోర్టు అంతా పరుగెత్తే బలం ఆడపిల్లలకు లేదనే మాట చాలా ఏళ్లు నిలిచిపోయింది. అమెరికా కాలేజీ అమ్మాయిలు ఐదుగురి జట్టుతో కోర్టు మొత్తం ఆడటానికి 1971 దాకా ఆగాల్సి వచ్చింది. 1976లో ఆడవాళ్ల బాస్కెట్ బాల్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ఇప్పుడు ఒళ్లు తగలకుండా బంతిని తట్టి తీసుకోవచ్చు. గీతలు పోయాయి, తోస్తే మాత్రం ఇప్పటికీ ఫౌలే.

సెండా 1911లో ఒక ఇంగ్లీషు ప్రొఫెసర్‌ను పెళ్లి చేసుకుని స్మిత్ కాలేజీ వదిలారు. తర్వాత 1921 వరకు ఒక బాలికల పాఠశాలలో వ్యాయామం నేర్పారు. 1954 ఫిబ్రవరి 16న కాలిఫోర్నియాలో చనిపోయారు. 1985లో నైస్మిత్ పేరు మీద ఉన్న బాస్కెట్ బాల్ గౌరవ మందిరంలో ఆమెకు చోటిచ్చారు. అక్కడ చోటు దొరికిన మొదటి ఆడవాళ్లలో ఆమె ఒకరు.

మిత్రులారా! విజిల్ మన ఆట ఆపడానికి కాదు, పడిపోయిన అమ్మాయి కూడా లేచి మళ్లీ ఆడటానికి. రేపు మనలో ఎవరి చేతికి విజిల్ వచ్చినా, తోసింది మన క్లాసు అమ్మాయా, మన ఊరి అమ్మాయా అని చూడకుండా ఊదాలి. మనమీద ఊదినప్పుడు మూతి ముడుచుకోకుండా చెయ్యెత్తి ఒప్పుకోవాలి.