పల్లె వాకిలిని చిత్రించిన ఝాన్ ఫ్రాన్స్వా మిలే

ఫ్రాన్స్‌లోని నార్మండీ సముద్రతీరాన గ్రూషీ అనే కుగ్రామంలో, ఒక రైతు కుటుంబంలో 1814 అక్టోబరు 4న ఝాన్ ఫ్రాన్స్వా మిలే జన్మించారు. ఇంటికి పెద్ద కుమారుడు కావడంతో చిన్ననాటి నుంచే తండ్రి వెంట పొలం పనులు చేశారు. షెర్బూర్ పట్టణం మంజూరు చేసిన ఉపకార వేతనంతో 1837లో పారిస్ చేరి, పాల్ డెలరోష్ వద్ద చిత్రకళ అభ్యసించారు. 1841లో వివాహమాడిన పొలీన్ మూడేళ్లకే క్షయవ్యాధితో కన్నుమూశారు. అనంతరం కాథరీన్ లమేర్ ఆయన జీవిత సహచరి అయ్యారు. వారికి తొమ్మిది మంది సంతానం.

1849లో పారిస్‌ను కలరా చుట్టుముట్టినప్పుడు ఆ కుటుంబం ఫాంటెన్‌బ్లో అడవి అంచున ఉన్న బార్బిజాన్ పల్లెకు తరలివెళ్లింది. మిలే శేషజీవితమంతా దాదాపుగా అక్కడే గడిచింది.

కోత ముగిసిన చేలో వంగి పరిగె ఏరుకునే ముగ్గురు స్త్రీలను ఆయన 1857లో చిత్రించారు. 1848 విప్లవపు జ్ఞాపకాలు ఇంకా చెరగని పారిస్ సంపన్నులకు ఆ వంగిన నడుములలో తిరుగుబాటు ఛాయలు కనిపించాయి. నిజానికి మిలే బ్రష్షుకు రాజకీయం కన్నా ఇల్లే దగ్గర. లీల్ నగర ప్రదర్శనశాలలో ఉన్న ఒక చిత్రంలో ఇంటి గడప మీద ముగ్గురు పసిపిల్లలు వరుసగా కూర్చుని ఉంటారు; ఎదుట తల్లి ఒక్కొక్కరికీ చెంచాతో తినిపిస్తుంటుంది; వెనుక పెరటిలో తండ్రి మన్ను తవ్వుతుంటాడు. ఆ చిత్రానికి మిలే పెట్టిన పేరుకు పిట్ట తన పిల్లల నోటికి అందించే ముద్ద అని అర్థం. పిల్లలు, తల్లి, తండ్రి... ఈ వరుసలో చూస్తే ఆ ముద్ద ఎక్కడి నుంచి వస్తున్నదో తెలిసిపోతుంది. ‘తొలి అడుగులు’ చిత్రంలోనైతే తండ్రి పార పక్కన పడేసి, మోకాళ్లపై కూర్చుని, బిడ్డ వైపు చేతులు చాచాడు. మిలేను ఎన్నడూ కలుసుకోని వాన్ గో, మానసిక చికిత్సాలయంలో ఉండగా ఆ చిత్రపు ఛాయాచిత్రం చూసి 1890లో దానికి తన రంగులు అద్దారు.

గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. 1868లో ఫ్రెంచి ప్రభుత్వం లీజియన్ ఆఫ్ ఆనర్ ప్రదానం చేసింది. 1875 జనవరి 20న, అరవై ఏళ్ల వయసులో, మిలే మరణించారు. తోటి చిత్రకారుడు కామీ కోరో ఆ కుటుంబానికి 10,000 ఫ్రాంకులు అందజేశారు. నెల తిరిగీ తిరగగానే ఆయనా కాలం చేశారు.

బంగాళాదుంపల చేలో సాయంకాలపు గంట విని తలలు వంచి ప్రార్థించే దంపతుల చిత్రం ‘ఏంజెలస్’ 1860లో సుమారు 1,000 ఫ్రాంకులకు అమ్ముడైంది. 1889 వేలంలో అదే చిత్రం 5,53,000 ఫ్రాంకులు పలికింది. అందులో ఒక్క ఫ్రాంకు కూడా మిలే ఇంటికి చేరలేదు. చిత్రకారుల హక్కులపై ఫ్రాన్స్‌లో సాగిన చర్చల్లో ఈ ఉదంతం తరచుగా ప్రస్తావనకు వచ్చేది. బహిరంగ వేలంలో చిత్రం తిరిగి అమ్ముడైనప్పుడల్లా ధరలో కొంత భాగం చిత్రకారుడికి లేదా వారసులకు దక్కేలా 1920లో ఆ దేశం చట్టం చేసింది.