ఆరు బస్తాల తేడా: కార్వెట్ ఇంజనీర్ డంటోవ్ జీవితం

మస్టాంగ్ గొప్పదా, కార్వెట్ గొప్పదా? ఫోన్‌లో కార్ల గేములు ఆడే పిల్లలున్న ఇంట్లో ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వినపడే ఉంటుంది. అమెరికాలో ఉన్న మన బంధువుల పిల్లలకైతే ఇది గేమ్ కాదు, రోడ్డు మీద రోజూ కనిపించే బండి. ఫోర్డ్ కార్లకీ, షెవర్లే కార్లకీ మధ్య ఈ పోటీ డెబ్బై ఏళ్లుగా నడుస్తోంది. అందులో షెవర్లే పక్షాన జీవితమంతా నిలబడిన ఇంజనీర్ జోరా ఆర్కస్-డంటోవ్. కార్వెట్‌ని మొదట తయారుచేసింది ఆయన కాదు. అయినా అభిమానులు ఆయన్నే కార్వెట్ తండ్రి అంటారు. ఆయన అమెరికాలో పుట్టినవాడు కూడా కాదు.

1909 డిసెంబర్ 25న బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో ఒక రష్యన్ యూదు కుటుంబంలో డంటోవ్ పుట్టారు. బాల్యం రష్యాలో గడిచింది. విప్లవం, ఆ తర్వాత వచ్చిన ఆకలి రోజులు ఆయన చిన్నతనంలోనే చూశారు. తల్లిదండ్రులు విడిపోయాక తల్లి జోసెఫ్ డంటోవ్ అనే ఆయనతో కలిసి బతికారు. కొడుకు ఎవరినీ వదులుకోలేదు. సొంత తండ్రి పేరు ఆర్కస్, పెంచిన తండ్రి పేరు డంటోవ్, రెండూ కలిపి తన ఇంటిపేరు చేసుకున్నారు. 1927లో కుటుంబం బెర్లిన్ చేరింది. అక్కడే 1934లో ఇంజనీరింగ్ పూర్తయింది.

అప్పటికి జర్మనీ హిట్లర్ చేతిలోకి వెళ్లిపోయింది. యూదుల బతుకు అక్కడ ఎలా మారిందో అందరికీ తెలిసిందే. డంటోవ్ ఫ్రాన్స్ వెళ్లారు. 1939లో ఎల్ఫీ అనే జర్మన్ నాట్యకారిణిని పెళ్లి చేసుకున్నారు. యుద్ధం రాగానే ఫ్రెంచి వైమానిక దళంలో చేరారు. 1940లో ఫ్రాన్స్ కూడా లొంగిపోయింది. ఎలాగో స్పెయిన్ వీసాలు సంపాదించుకుని, అక్కడి నుంచి పోర్చుగల్ చేరి, ఓడెక్కి కుటుంబమంతా న్యూయార్క్‌లో దిగింది. అంటే ముప్ఫై ఒక్క ఏళ్లు వచ్చేసరికి ఆయన నాలుగు దేశాలు వదిలి అయిదో దేశంలో మొదటి నుంచి మొదలుపెట్టారు.

న్యూయార్క్‌లో తమ్ముడితో కలిసి ఆర్డన్ అనే చిన్న కంపెనీ పెట్టారు. ఆర్కస్‌లో కొంత, డంటోవ్‌లో కొంత కలిపిన పేరు అది. ఆ కంపెనీ పేరు తెచ్చుకుంది ఫోర్డ్ వల్లే. అప్పటి ఫోర్డ్ వీ8 ఇంజన్‌కి ఎక్కువ శక్తి వచ్చేలా వీళ్లు కొత్త సిలిండర్ హెడ్లు చేశారు. రేపు ఫోర్డ్ మీద పోటీకి దిగబోయే మనిషి, ముందు ఫోర్డ్ ఇంజన్‌కే బలం పోశారన్నమాట. కానీ వ్యాపారం ఎక్కువ కాలం నిలబడలేదు.

1953 జనవరిలో న్యూయార్క్‌లోని ఒక పెద్ద హోటల్లో జనరల్ మోటార్స్ తన కొత్త కార్ల ప్రదర్శన పెట్టింది. అక్కడ డంటోవ్ మొదటి కార్వెట్‌ని చూశారు. అందం బాగా నచ్చింది, లోపల ఉన్న సరుకు నచ్చలేదు. వెంటనే కంపెనీకి ఉత్తరం రాశారు. ఆ ఏడాది మే నెలలో షెవర్లేలో ఉద్యోగంలో చేరారు.

ఆయన అనుకున్నది నిజమే. మొదటి కార్వెట్‌లో ఆరు సిలిండర్ల ఇంజన్, రెండే గేర్లున్న ఆటోమేటిక్. చూడటానికి రేసు కారు, నడిపితే మామూలు కారు. అమ్మకాల లెక్క కూడా అదే చెప్పింది. 1953లో 300 కార్లు తయారయ్యాయి, 1954లో 3,640, 1955లో 700 మాత్రమే. అదే 1955లో ఫోర్డ్ థండర్‌బర్డ్ దించి మొదటి ఏడాదే 16,000కి పైగా అమ్మింది. ఏ అకౌంటెంట్ చేతికిచ్చినా కార్వెట్ మూసెయ్యమనే రాస్తాడు.

డంటోవ్ ఆలోచన వేరు. చేరిన ఏడాదే పై అధికారులకు ఒక నోట్ పంపారు. కార్ల పిచ్చి ఉన్న కుర్రాళ్లంతా ఫోర్డ్ ఇంజన్లు విప్పి, బిగించి పెరుగుతున్నారని, వాళ్లు రేపు డబ్బు సంపాదించాక కూడా ఫోర్డే కొంటారని అందులో వివరించారు. షెవర్లే కూడా వేగానికి పనికొచ్చే విడిభాగాలు కుర్రాళ్లకు అందించాలన్నది ఆయన సలహా. 1955లో కార్వెట్‌కి వీ8 ఇంజన్ వచ్చింది. 1956 మొదట్లో డేటోనా సముద్రతీరపు ఇసుక మీద డంటోవ్ స్వయంగా కార్వెట్ నడిపి గంటకి 150 మైళ్లు, అంటే సుమారు 240 కిలోమీటర్ల వేగం దాటించారు. డ్రైవింగ్ ఆయనకి సరదా కాదు. 1954లో, 1955లో ఫ్రాన్స్‌లోని 24 గంటల లె మాన్స్ రేసులో పోర్షే కారు నడిపి, తన తరగతిలో రెండుసార్లూ గెలిచిన మనిషి.

1957లో కార్వెట్ ఎస్ఎస్ అనే అసలు సిసలు రేసు కారు తయారుచేసి సెబ్రింగ్‌లో దించారు. కొద్ది ల్యాప్‌లకే అది ఆగిపోయింది. బాగుచేసే అవకాశం కూడా దొరకలేదు. ఆ జూన్‌లో అమెరికా కార్ల కంపెనీలన్నీ కలిసి ఇక రేసుల జోలికి వెళ్లకూడదని తీర్మానం చేసుకున్నాయి.

1962లో ఫోర్డ్ ఆ ఒప్పందం నుంచి బయటికి వచ్చేసింది. జనరల్ మోటార్స్ మాత్రం కట్టుబడే ఉంది. అప్పుడు అమెరికాలో అమ్ముడయ్యే కార్లలో దాదాపు సగం దానివే. ఇంకా పెరిగితే ప్రభుత్వం కంపెనీని ముక్కలు చేస్తుందేమోనన్న భయం యాజమాన్యంలో ఉండేదని కార్ల చరిత్ర రాసినవాళ్లు చెబుతారు.

సరిగ్గా అప్పుడే కోబ్రా వచ్చింది. ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ సినిమా చూసినవాళ్లకి కారోల్ షెల్బీ గుర్తుంటాడు. ఇంగ్లండ్‌లో చేసిన తేలికపాటి ఏసీ కారు బాడీలో ఫోర్డ్ వీ8 ఇంజన్ పెట్టి ఆయన తయారుచేసిన కారే కోబ్రా. 1962 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ ట్రాక్ మీద కొత్త కార్వెట్ స్టింగ్ రే, కోబ్రా మొదటిసారి ఎదురుపడ్డాయి. కోబ్రా ముందు దూసుకుపోయింది. మధ్యలో వెనక చక్రం దగ్గర భాగం విరిగి ఆగిపోవడంతో కార్వెట్ గెలిచింది. పేపర్లో గెలుపు కార్వెట్‌దే. ట్రాక్ దగ్గర చూసినవాళ్లకి అసలు సంగతి అర్థమైపోయింది. 1963 మొదట్లో అదే రివర్‌సైడ్‌లో కోబ్రాలే మొదటి, రెండో స్థానాల్లో వచ్చాయి. మొదట వచ్చిన డేవ్ మెక్‌డొనాల్డ్, కొన్ని నెలల ముందు అదే ట్రాక్ మీద కార్వెట్ నడిపిన డ్రైవరే.

ఎందుకిలా? ఇంజన్ బలంలో కార్వెట్ తక్కువేం కాదు. షోరూమ్ లెక్క ప్రకారం స్టింగ్ రేకి ఎక్కువలో ఎక్కువ 360 హార్స్‌పవర్, మొదటి కోబ్రాకి 260. తేడా బరువులో ఉంది. కార్వెట్ కోబ్రా కన్నా సుమారు 450 కిలోలు ఎక్కువ. మన గోదావరి లెక్కలో చెప్పాలంటే 75 కిలోల ధాన్యం బస్తాలు ఆరు. ఒక్కో హార్స్‌పవర్ లాగాల్సిన బరువు చూస్తే కార్వెట్‌కి సుమారు 3.9 కిలోలు, కోబ్రాకి 3.6. తిన్నటి రోడ్డు మీద ఈ తేడా చిన్నదిగానే ఉంటుంది. మలుపులున్న ట్రాక్ మీద అలా కాదు. ప్రతి మలుపు ముందూ ఆ ఆరు బస్తాలను బ్రేకులు ఆపాలి, మలుపులో టైర్లు పట్టుకోవాలి, బయటికి రాగానే ఇంజన్ మళ్లీ లాగాలి. గంట గడిచేసరికి బ్రేకులు కాలిపోతాయి, టైర్లు అరిగిపోతాయి.

పోటీల గురించి హదీసుల్లో ఒక సంగతి ఉంది. ప్రవక్త ముహమ్మద్ (స) గుర్రాల పోటీలు పెట్టించారని ఇబ్న్ ఉమర్ (రజి) తెలిపినట్టు సహీహ్ బుఖారీలో వస్తుంది. పోటీ కోసం ఒళ్లు సన్నబరిచి తర్ఫీదిచ్చిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియతుల్ విదా దాకా దూరం నిర్ణయించారు. అలా తయారుచేయని గుర్రాలకు సనియా నుంచి బనూ జురైఖ్ మస్జిద్ దాకా, చాలా తక్కువ దూరం. రెండు రకాలనూ ఒకే గీత దగ్గర నిలబెట్టలేదు. కార్వెట్, కోబ్రా విషయంలో జరిగింది సరిగ్గా దీనికి తలకిందులు. ఒకటి రేసు కోసం సన్నబరిచిన గుర్రం, ఇంకోటి ఇంటిల్లిపాది సౌకర్యం కూడా చూసి చేసిన బండి.

డంటోవ్‌కి ఈ సంగతి అందరికన్నా ముందే తెలుసు. అందుకే గ్రాండ్ స్పోర్ట్ అనే తేలికైన కార్వెట్‌ని మొదలుపెట్టారు. బరువు దాదాపు కోబ్రా అంతే. రేసు నిబంధనల కోసం 125 కార్లు చెయ్యాలని పథకం. 1963 జనవరిలో పై నుంచి ఆపమని ఆర్డర్ వచ్చింది. అప్పటికి అయిదు మాత్రమే తయారయ్యాయి. ఆ డిసెంబర్‌లో బహామాస్‌లోని నసావులో మూడు గ్రాండ్ స్పోర్ట్‌లు ఒక ప్రైవేటు టీమ్ పేరుతో దిగాయి. షెవర్లే ఇంజనీర్లు కొందరు సెలవు మీద వచ్చినట్టుగా అక్కడే ఉన్నారు. కోబ్రాలన్నీ వెనకబడిపోయాయి. అయితే ఇదీ సమానమైన పోటీ అనలేం. కోబ్రాని డబ్బున్న ఎవరైనా కొనుక్కోవచ్చు, గ్రాండ్ స్పోర్ట్ ప్రపంచం మొత్తం మీద అయిదే. కోబ్రా మాత్రం ఆగకుండా సాగి 1965లో జీటీ కార్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచింది. అది గెలిచిన మొదటి అమెరికా కారు అదే.

డంటోవ్‌ది ఇంకో పెద్ద కోరిక. ఇంజన్ డ్రైవర్ ముందు కాకుండా వెనక, కారు మధ్యలో ఉండాలి. అప్పుడు బరువు నాలుగు చక్రాల మీద బాగా పంచుకుంటుంది, వెనక చక్రాలకు పట్టు పెరుగుతుంది. 1964లోనే నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే అలాంటి ప్రయోగపు కారు చేసి చూపించారు. 1970లో ఇంకో నమూనా ప్రదర్శనకు వెళ్లింది. ప్రతిసారీ ఖర్చు ఎక్కువన్నారు, ఉన్న కారు బాగానే అమ్ముడవుతోందన్నారు. కంపెనీ వైపు నుంచి చూస్తే ఆ లెక్కా తప్పు కాదు. డంటోవ్ రాజీనామా చేసి వెళ్లిపోలేదు. దొరికినంతలో బ్రేకులు, సస్పెన్షన్, ఇంజన్ ఒక్కొక్కటీ మెరుగుచేస్తూ పోయారు. 1975 మొదట్లో రిటైరయ్యారు. పరాయి దేశంలో పెద్ద కంపెనీకి ఇరవై ఏళ్లు చాకిరీ చేసి, మనసులో ఉన్న పని మాత్రం చేసుకోలేక తిరిగొచ్చినవాళ్లు మన గోదావరి జిల్లాల్లోనూ ఎంతోమంది ఉన్నారు. వాళ్లకి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

1996 ఏప్రిల్ 21న 86 ఏళ్ల వయసులో డంటోవ్ చనిపోయారు. 2019లో షెవర్లే ఎనిమిదో తరం కార్వెట్‌ని బయటపెట్టింది. ఇంజన్ డ్రైవర్ వెనక ఉంది.

2025లో జర్మనీలోని సుమారు 20.8 కిలోమీటర్ల న్యూర్బర్గ్‌రింగ్ ట్రాక్ మీద ఫోర్డ్ మస్టాంగ్ జీటీడీ 6 నిమిషాల 52 సెకన్లలో ఒక ల్యాప్ తిరిగింది. అదే ఏడాది కార్వెట్ జెడ్ఆర్1ఎక్స్ 6 నిమిషాల 49 సెకన్లలో తిరిగింది. గెలిచింది ఎవరని పిల్లలు అడిగితే కార్వెట్ అనే చెప్పాలి. కానీ మస్టాంగ్‌కి 815 హార్స్‌పవర్, ఇంజన్ ముందు, శక్తి వెనక చక్రాలకే. కార్వెట్‌కి ఎలక్ట్రిక్ మోటారుతో కలిపి 1,250, ఇంజన్ మధ్యలో, శక్తి నాలుగు చక్రాలకూ. సెకన్లతో పాటు ఈ సంగతి కూడా చెప్పాలి.

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్‌లో కార్వెట్ మ్యూజియం ఉంది. డంటోవ్ చితాభస్మం అందులోనే భద్రపరిచారు. ఇంజన్ మధ్యలో ఉన్న కార్వెట్లు ఇప్పుడు తయారవుతున్నది అదే ఊళ్లో.