భగవంతం: పాఠమూ పరిశోధనా ఒకటైన చోట

సూరి భగవంతం 1909లో కృష్ణా జిల్లాలో పుట్టారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో భౌతికశాస్త్రంలో డిగ్రీ చదివి, 1928లో కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర చేరారు. రామన్ ఎఫెక్ట్ వెలుగుచూసిన సంవత్సరమది.

1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు అధ్యాపకుడిగా వచ్చి, పాఠం చెబుతూనే పరిశోధన సాగించారు. కాంతి పరిక్షేపణపై 1940లోను, టి. వెంకటరాయుడుతో కలిసి గ్రూపు సిద్ధాంతంపై 1948లోను ఆయన రాసిన పుస్తకాలు వాల్తేరు నుంచే వెలువడ్డాయి. తర్వాత ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా, బెంగళూరు ఐఐఎస్సీ డైరెక్టర్‌గా పనిచేశారు. 1989లో కన్నుమూశారు.

సూత్రాలు బట్టీపట్టి, రికార్డులు చూసిరాసి బీఎస్సీ ముగించే విద్యార్థికి కావలసింది కొత్త సిలబస్ ఒక్కటే కాదు. తానూ ప్రయోగాలు చేస్తూ పాఠం చెప్పే గురువు.